ప్రీమియం తగ్గాలంటే ముందు దాన్ని విప్పి చూడాలి

జీవిత బీమా ప్రీమియం ఎలా తగ్గించుకోవాలని మీరు అడిగినదాన్ని ఒకసారి క్లుప్తంగా రాస్తాను, నాకు సరిగ్గా అర్థమైందో లేదో మీకూ తెలుస్తుంది. మీకు 34 ఏళ్లు. ఇద్దరు పిల్లలు, చిన్నమ్మాయికి మూడేళ్లు. ఇంటి అప్పు ఇంకా 18 ఏళ్లు కట్టాలి. మీ ఆవిడ సంపాదన మీ సంపాదనలో మూడో వంతు. ఏజెంటు చూపించిన టర్మ్ పాలసీ "చివర్లో కట్టిందంతా వెనక్కి ఇచ్చే" రకం, దాని ప్రీమియం మామూలు టర్మ్‌కి (నిర్ణీత కాలంలోపు పోతేనే డబ్బిచ్చే, బతికుంటే ఏమీ ఇవ్వని బీమాకి) రెట్టింపు. పదేళ్ల కింద తీసుకున్న పొదుపు పాలసీ ఒకటి ఇంకా నడుస్తోంది. అప్పుడప్పుడు సిగరెట్ తాగుతారు, ఆ సంగతి రాయకపోతే ఎంత మిగులుతుందని అడిగారు. ఆఖరున, ఏ కంపెనీ చవక అని.

కంపెనీ సంగతి చివర చెప్తాను. అక్కడ మిగిలేది మీరు అనుకున్నంత ఉండదు. పద్దెనిమిదేళ్లు నేను బీమా దరఖాస్తులు చదివి ఎవరికి ఎంత ప్రీమియం వేయాలో తేల్చే పనిలో ఉన్నాను. ఆ బల్లకు అవతల కూర్చుంటే ఒక విషయం రోజూ కనిపిస్తుంది. కంపెనీకీ కంపెనీకీ మధ్య ఉన్న కాస్త తేడా కోసం వారం రోజులు వెతికిన మనిషే, తనకు అక్కర్లేని ఇరవై ఏళ్ల కవర్‌కి (బీమా రక్షణకి) అయిదు నిమిషాల్లో టిక్కు పెట్టేస్తాడు.

ప్రీమియంలో మూడు రకాల డబ్బు కలిసిపోయి ఉంటుంది. మీరు పోతే ఇంట్లోవాళ్లకు ఇవ్వాల్సిన మొత్తం కోసం కంపెనీ తీసి పెట్టేది ఒకటి. కమిషను, వైద్య పరీక్షలు, ఆఫీసు ఖర్చులు, కంపెనీ లాభం కలిపి రెండోది. మీరు బతికుంటే తిరిగి ఇచ్చే పొదుపు మూడోది, ఇది మామూలు టర్మ్‌లో ఉండదు. మీరు ఏది తగ్గించాలని చూసినా, ఈ మూడింటిలో దేన్ని కోస్తున్నానని ముందు అడగండి.

మొదటిదాంతో మొదలుపెడదాం. వయసును బట్టి ప్రీమియం వేయడం బీమా పుట్టినప్పటి నుంచీ ఉన్నది కాదు. 1693లో ఎడ్మండ్ హ్యాలీ, తోకచుక్కకు పేరు పెట్టారే ఆయనే, బ్రెస్లౌ (ఇప్పటి పోలండ్‌లో ఉంది) నగరపు జనన మరణ లెక్కలు పట్టుకుని ఏ వయసులో ఎంతమంది మిగులుతారో పట్టిక వేశాడు. అయినా ఆ తర్వాత కూడా లండన్‌లోని అమికబుల్ సొసైటీ అనే జీవిత బీమా సంఘం 45 ఏళ్లు దాటినవాళ్లను చేర్చుకునేదే కాదు. అలా వయసు మీరిందని వెనక్కి పంపినవాళ్లలో జేమ్స్ డాడ్సన్ అనే గణిత ఉపాధ్యాయుడు ఒకడు. వయసుకు తగ్గ ప్రీమియం తీసుకుంటే ఎవరినైనా చేర్చుకోవచ్చు కదా అని ఆయన లెక్క కట్టాడు. ఆ లెక్క మీదే 1762లో ఈక్విటబుల్ సొసైటీ అనే బీమా సంస్థ మొదలైంది, అది చూడటానికి ఆయన బతికి లేడు. తర్వాత 1825లో బెంజమిన్ గోంపెర్ట్జ్ అనే గణితవేత్త ఇంకో మాట తేల్చాడు: పెద్దయ్యాక చావు ముప్పు ఏటా కొంత కొంత కలుస్తూ పోదు, వడ్డీ మీద వడ్డీలా పెరుగుతుంది. ఇప్పటి లెక్కల్లో సుమారుగా ప్రతి ఎనిమిదేళ్లకూ రెట్టింపవుతుంది.

ఈ పాత కథ ఎందుకంటే, మీ జేబుకు సంబంధించిన రెండు సంగతులు అందులోనే ఉన్నాయి. మొదటిది అందరికీ తెలిసిందే: ఆలస్యం చేసినకొద్దీ ప్రీమియం పెరుగుతుంది. ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటి ఉంది. కొన్ని కంపెనీలు నిండిన వయసు చూస్తాయి, కొన్ని దగ్గరి పుట్టినరోజు వయసు చూస్తాయి. రెండో పద్ధతిలో పుట్టినరోజుకు ఆరు నెలల ముందే మీకు ఒక ఏడు ఎక్కువ పడుతుంది. దరఖాస్తు పెట్టేముందు ఆ ఒక్క ముక్క అడగండి.

రెండో సంగతిలోనే అసలు డబ్బు ఉంది. ముప్పు అంత వేగంగా పెరుగుతుంటే, ప్రీమియం మాత్రం ఏటా ఒకేలా ఎలా ఉంటోంది? మీరు కుర్రతనంలో ఎక్కువ కట్టి, ముసలితనం నాటి ఖర్చును ముందే తీరుస్తున్నారు కాబట్టి. కవర్ 60 ఏళ్ల దాకా కాకుండా 85 దాకా తీసుకుంటే, చివరి ఆ పాతికేళ్ల బరువంతా ఇవాళ్టి ప్రీమియం మీద పడుతుంది. 80 ఏళ్ల వయసులో మీ సంపాదన మీద బతికేవాళ్లు ఎవరుంటారు? పిల్లలకు అప్పటికి మనవలు పుట్టే వయసు వస్తుంది. "ఎలాగూ ఎప్పుడో ఒకప్పుడు పోతాం, డబ్బు తప్పకుండా వస్తుంది" అని జీవితాంతపు పాలసీలకు ఏజెంట్లు చెప్పే మాట నిజమే, తప్పకుండా వచ్చేది గనకే దానికి అంత ధర. జీవితాంతం చూసుకోవాల్సిన బిడ్డ ఉన్న ఇంటికి ఆ పాలసీ అవసరం. మీ ఉత్తరంలో అలాంటిదేమీ లేదు.

ఇప్పుడు ఎంత కవర్ అన్నది. "ఆదాయానికి ఇన్ని రెట్లు" అనే సూత్రాలు నాకు నచ్చవు. కాగితం మీద మీ బాధ్యతలు రాయండి, ఒక్కోదాని పక్కన అది ఎప్పుడు తీరిపోతుందో రాయండి. మీరు చెప్పినదాన్ని బట్టి ఉదాహరణకు ఇలా అనుకుందాం: అప్పుకు నాలుగేళ్ల ఆదాయం, 18 ఏళ్లలో తీరుతుంది. పిల్లల పెంపకం, చదువులకు నాలుగేళ్ల ఆదాయం, మరో 20 ఏళ్లలో చిన్నమ్మాయి తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. మీ ఆవిడకు ఆసరాగా ఇంకో నాలుగేళ్ల ఆదాయం, ఇది మీ 60వ ఏడు దాకా, అంటే 26 ఏళ్లు. మొత్తం పన్నెండేళ్ల ఆదాయం. మామూలుగా అందరూ చేసేది ఈ పన్నెండింటికీ కలిపి 26 ఏళ్లకో, ఇంకా ఎక్కువకో ఒకే పాలసీ తీసుకోవడం. అలా కాకుండా ఎనిమిదేళ్ల ఆదాయానికి 20 ఏళ్ల పాలసీ ఒకటి, నాలుగేళ్ల ఆదాయానికి 26 ఏళ్ల పాలసీ ఒకటి తీసుకుంటే, 54 నుంచి 60 దాకా ఉన్న ఆ ఖరీదైన ఏళ్లకు మూడో వంతు కవర్‌కే డబ్బు కడతారు. పైగా పిల్లలు ముందే స్థిరపడితే ఒకదాన్ని ఆపేసి రెండోదాన్ని ఉంచుకోవచ్చు.

ఒక హెచ్చరిక. చాలాచోట్ల ప్రతి పాలసీకీ విడిగా ఓ స్థిర రుసుము ఉంటుంది, అందుకని అయిదారు ముక్కలు చేస్తే మిగిలింది ఆ రుసుములకే పోతుంది. రెండు చాలు, మహా అయితే మూడు. ఇంకోటి, బీమా మొత్తం పెద్దదైతే వెయ్యికి వేసే రేటు తగ్గుతుంది. ఈ తగ్గింపు మెట్లు మెట్లుగా ఉంటుంది: 9 లక్షలకు ఒక రేటు, 10 లక్షలు ముట్టగానే ఇంకో రేటు. ఒక్కోసారి 10 లక్షల పాలసీ 9 లక్షలదానికంటే చవగ్గా పడటం నా కళ్లారా చూశాను. కాబట్టి ఒకే పాలసీ ధర, రెండు ముక్కల ధర, మీ మొత్తానికి కాస్త పైనున్న గుండ్రటి అంకె ధర, మూడూ తెప్పించుకుని పక్కపక్కన పెట్టండి.

ఇంటి అప్పు దగ్గర ఇంకో చిల్లు ఉంది. అప్పిచ్చినవాళ్లు తామే ఒక బీమా అంటగట్టి, దాని ఏకమొత్తం ప్రీమియాన్ని అప్పులోనే కలిపేస్తుంటారు. "చేతి నుంచి పైసా పెట్టక్కర్లేదు" అంటారు. 9 శాతం వడ్డీకి 20 ఏళ్ల అప్పులో 100 కలిపితే, నెల నెలా కట్టుకుంటూ పోయేసరికి ఆ 100కి మీరు చెల్లించేది దాదాపు 216. డబ్బు వెళ్లేది కూడా మీ ఇంట్లోవాళ్లకు కాదు, అప్పిచ్చినవాళ్లకు. అప్పు వేరేచోటికి మార్చుకుంటే ఆ కవర్ వెంట వస్తుందో రాదో. మీ అప్పులో ఇలాంటిది ఉందేమో కాగితాలు తీసి చూడండి. ఉంటే, విడిగా టర్మ్ చేతికి వచ్చాక దాన్ని రద్దు చేసుకుని మిగిలిన కాలానికి ఎంత వెనక్కి ఇస్తారో అడగొచ్చు.

ఇక మీ ఏజెంటు చూపించిన, కట్టిందంతా వెనక్కి ఇచ్చే పాలసీ. మూడో రకం డబ్బు అంటే ఇదే. మామూలు టర్మ్ ఏడాదికి 100, ఇది 200, కాలం 30 ఏళ్లు అనుకోండి. చివర్లో 6000 ఇస్తారు. వినడానికి బీమా ఉచితంగా వచ్చినట్టు ఉంటుంది. కానీ 100 మాత్రం ఎలాగూ టర్మ్‌కి పోవాల్సిందే, కాబట్టి లెక్క మిగిలిన 100 మీద వేయాలి. ఏటా మొదట్లో 100 చొప్పున 30 ఏళ్లు కడితే 6000 రావడమంటే ఏడాదికి సుమారు 4.2 శాతం వడ్డీ. అదే 100ని 7 శాతం వచ్చేచోట పెడితే 10,000 దాటుతుంది. ధరలు ఏడాదికి 5 శాతం చొప్పున పెరిగితే, 30 ఏళ్ల తర్వాతి 6000 ఇప్పటి 1400 కూడా కాదు. ఇవన్నీ సర్దుకుపోవచ్చు అనుకున్నా, మధ్యలో ఆపితే ఏమవుతుందో చూడండి. టర్మ్ ఆపేస్తే పోయేది ఇకపై ఉండాల్సిన కవర్ మాత్రమే. ఇది ఆపేస్తే అదనంగా కట్టిన 100లలో చాలా భాగం కూడా పోతుంది. ముప్పై ఏళ్లలో ఒక్కసారైనా ఉద్యోగం ఊడడమో, చేతిలో డబ్బు ఆడకపోవడమో జరగని ఇల్లు ఎన్ని ఉంటాయి? అప్పుడు రెట్టింపు ప్రీమియం గోరుచుట్టు మీద రోకలిపోటు అవుతుంది. ఆ 200 కట్టలేక మొత్తం కవరే వదులుకున్నవాళ్లు ఉన్నారు. 100 అయితే ఏదోలా కట్టుకునేవాళ్లు.

డబ్బు విడిగా దాచుకోవడం మా వల్ల కాదు, బలవంతంగా కోస్తేనే మాకు పొదుపు అనేవాళ్లతో నేను వాదించను. 4.2 శాతమైనా సున్నా కంటే నయమే. మీరు అప్పును క్రమం తప్పకుండా కట్టుకొస్తున్న మనిషి, మీకు ఆ పగ్గం అవసరం లేదనిపిస్తోంది. నిజానికి మిగిలిన 100ని అప్పు అసలులోకి కడితేనే మీ అప్పు వడ్డీ అంత రాబడి వచ్చినట్టు.

రెండో రకం, ఖర్చుల ముక్కలో మీ చేతిలో ఉన్నది ప్రధానంగా ఒకటే: ఏడాదికోసారి కట్టడం. నెలవారీ వాయిదాల్లో మొత్తం మీద 5 శాతమే ఎక్కువంటారు. ఏడాదికి 100 బదులు నెలకు 8.75 కడితే 105 అవుతుంది, నిజమే. కానీ మీరు 100 మొత్తాన్ని ఏడాదంతా వాడుకోవడం లేదు, మొదటి వాయిదా మొదటి రోజే పోతోంది. సరిగ్గా లెక్క వేస్తే ఇది ఏడాదికి సుమారు 11 శాతం వడ్డీకి అప్పు తీసుకున్నట్టే. నెలనెలా పన్నెండో వంతు ఓ ఖాతాలో వేసుకుని, ఏడాది తిరిగేసరికి ఒకేసారి కట్టండి. పదేళ్లలోనే మొత్తం ప్రీమియం కట్టేసే రకం గురించి కూడా చెప్తారు, మొత్తం కూడితే తక్కువ అంకె వస్తుంది. ముందు కట్టిన డబ్బుకు వడ్డీ వేసి చూస్తే ఆ తక్కువలో పెద్దగా ఏమీ మిగలదు, పన్నెండో ఏట మీరు పోతే మాత్రం మిగతా ఏళ్లకు కూడా కట్టేసినట్టవుతుంది.

రైడర్లు (అసలు పాలసీకి అదనంగా తగిలించే కవర్లు) అన్నీ వద్దనను. జబ్బు పడి పని చేయలేకపోతే ప్రీమియం మాఫీ చేసే రైడర్ చవక, ఉపయోగం. ప్రమాద మరణానికి రెట్టింపు ఇచ్చేదాన్ని నేను పక్కన పెడతాను. మీరు గుండెపోటుతో పోయినా, రోడ్డు మీద పోయినా పిల్లల ఫీజు ఒకటే. అసలు కవర్ చాలకపోతే ఆ డబ్బుతో అసలు కవరే పెంచండి.

సిగరెట్ సంగతికి వద్దాం. ఇక్కడ నేను కాస్త గట్టిగా మాట్లాడతాను, ఏమీ అనుకోకండి. పొగతాగేవాళ్ల రేటు తాగనివాళ్లకు రెట్టింపు దాకా ఉండటం మామూలే, అందుకే మీకు ఆ ఆలోచన వచ్చింది. దరఖాస్తులో అడిగేది "రోజూ తాగుతారా" అని కాదు, సాధారణంగా "గడచిన 12 నెలల్లో పొగాకు ఏ రూపంలోనైనా వాడారా" అని. పెళ్లిలో తాగిన ఒక్కటి కూడా "అవును" కిందికే వస్తుంది. రక్తంలోనో మూత్రంలోనో కోటినిన్ (నికోటిన్ నుంచి ఒంట్లో తయారయ్యే పదార్థం) చూస్తారు, నమిలే పొగాకు అయినా, నికోటిన్ గమ్ అయినా దొరికిపోతుంది. కొన్ని రోజులు మానేసి పరీక్ష గట్టెక్కారే అనుకుందాం. అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. నా చేతికి వచ్చిన ఓ క్లెయిమ్ ఫైలులో, దరఖాస్తులో "లేదు" అని ఉంది. అంతకు ముందే ఏదో కడుపునొప్పికి ఆస్పత్రిలో చేరినప్పుడు, డాక్టరు అడిగితే ఆయన నిజమే చెప్పాడు. కేస్ షీటులో "పన్నెండేళ్లుగా, రోజుకు నాలుగు" అని రాసి ఉంది. డాక్టరు దగ్గర ఎవరూ అబద్ధం చెప్పరు కదా. ఆయన భార్య ఎదురుగా కూర్చుని ఉండగా ఆ కాగితం చదవడం నాకు ఇప్పటికీ గుర్తు. క్లెయిమ్ తిరస్కరించారు. సగం ప్రీమియం మిగుల్చుకోబోతే మొత్తానికి మొత్తం పోయింది, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. ఫలానా ఏళ్ల తర్వాత పాలసీని ప్రశ్నించకూడదనే నియమం చాలాచోట్ల ఉంది, కానీ అది దేశానికో రకం, మోసం రుజువైతే వర్తించని చోట్లూ ఉన్నాయి. ఇంట్లోవాళ్ల భవిష్యత్తును దాని మీద పందెం కాయకండి.

నిజాయితీగా మిగుల్చుకునే దారి ఉంది. ఇప్పుడే పొగతాగేవాడిగా రాసి పాలసీ తీసుకోండి. ఇవాళే మానేయండి. 12 నెలలు పూర్తయ్యాక అదే కంపెనీని రేటు మార్చమని అడగండి, కుదరదంటే కొత్త పాలసీకి దరఖాస్తు పెట్టండి. వయసు ఒక ఏడు పెరిగినందుకు కొంచెం ఎక్కువవుతుంది, పొగాకు పోయినందుకు తగ్గేది దానికి ఎన్నో రెట్లు. మీ విషయంలో అన్నిటికంటే పెద్ద పొదుపు ఇదే. ఒక్క షరతు: కొత్త పాలసీ కాగితం చేతికి వచ్చి, మొదటి ప్రీమియం జమ అయ్యేదాకా పాతది ఆపకండి. ఆత్మహత్య నిబంధన (మొదట్లో కొంతకాలం ఆత్మహత్యకు డబ్బు ఇవ్వరనేది), పాలసీని ప్రశ్నించే గడువు కొత్తదానికి మళ్లీ మొదటి నుంచి లెక్కిస్తారని కూడా గుర్తుంచుకోండి.

వైద్య పరీక్షలకు వెళ్లేటప్పుడు జ్వరం, జలుబు ఉంటే వాయిదా వేయించుకోండి. ముందు రోజు విపరీతమైన వ్యాయామం చేయొద్దు, కాఫీ తాగిన వెంటనే బీపీ చూపించుకోవద్దు. ఉన్నది దాచమని కాదు, లేని జబ్బును ఉన్నట్టు చూపించుకోవద్దని. షుగరో బీపీయో నిజంగానే ఉండి అదుపులో లేకపోతే మాత్రం డాక్టరు దగ్గర అదుపులోకి తెచ్చుకున్నాక, ఆ రిపోర్టులతో సహా దరఖాస్తు పెడితే అదనపు లోడింగ్ (జబ్బు చూసి పెంచే ప్రీమియం) తగ్గే అవకాశం ఉంది. ఒకచోట తిరస్కరిస్తే తర్వాత ప్రతి దరఖాస్తులోనూ ఆ సంగతి రాయాల్సి వస్తుంది. అందుకని ఆరోగ్య చరిత్ర ఉన్నవాళ్లు నేరుగా ఆన్‌లైన్‌లో నొక్కేయకుండా, నాలుగు కంపెనీల పద్ధతులు తెలిసిన బ్రోకర్ ద్వారా ముందుగా అనధికారికంగా అడిగించుకోవడం మేలు. అక్కడ అతని కమిషను దండగ కాదు.

ఆఫీసులో ఇచ్చే గ్రూపు బీమాను లెక్కలో కలపకండి. ఉద్యోగం మారిన రోజే అది పోతుంది, అప్పటికి మీ వయసు, ఆరోగ్యం ఎలా ఉంటాయో. ఉన్నంతకాలం ఉంటుంది, అంతే. మీ ఆవిడ పేరు మీద కూడా చిన్న కవర్ తీసుకోండి, ఆమె ఇంట్లో చేసే పనికి మనిషిని పెట్టుకోవాలంటే ఎంతవుతుందో లెక్క వేస్తే మూడో వంతు సంపాదన అన్న మాట చాలదని తెలుస్తుంది. జాయింట్ పాలసీ సాధారణంగా ఒకరు పోగానే డబ్బిచ్చి ముగిసిపోతుంది. రెండు విడి పాలసీల ధర కూడా అడగండి, తేడా చాలా కొద్దిగా ఉంటే విడివిడిగానే మేలు. పిల్లల పేరు మీద మాత్రం జీవిత బీమా వద్దు. వాళ్ల సంపాదన మీద మీరు బతకడం లేదు.

ఆ పదేళ్ల పాత పొదుపు పాలసీ. ఇలాంటివి చెత్త అని చదివి చాలామంది ఆవేశంగా సరెండర్ చేసేస్తారు, అంటే మధ్యలోనే రద్దు చేసుకుని వచ్చింది తీసుకుంటారు. తొందరపడకండి. ఇందులో కమిషన్లు, ఖర్చులు ఎక్కువగా మొదటి ఏళ్లలోనే కోసేస్తారు, అంటే ఆ నష్టం మీకు ఇప్పటికే జరిగిపోయింది. ఇకపై ఏం వస్తుందన్నదే ప్రశ్న. కంపెనీ నుంచి మూడు అంకెలు రాతపూర్వకంగా తీసుకోండి: ఇవాళ సరెండర్ చేస్తే ఎంత, ఇక కట్టకుండా పెయిడప్‌గా వదిలేస్తే చివర్లో ఎంత, పూర్తిగా కడితే చివర్లో ఎంత. ఉదాహరణకు ఇవాళ 300 వస్తుంది, ఇంకో పదేళ్లు ఏటా 50 కట్టాలి, చివర్లో 1100 ఇస్తారు అనుకోండి. ఆ 300నీ, ఏటా 50నీ బయట పెడితే పదేళ్లకు 1100 కావాలంటే సుమారు 4.4 శాతం రావాలి. అంతకంటే ఎక్కువ నమ్మకంగా వచ్చే చోటు మీకుంటే ఆపేయొచ్చు, లేకపోతే కొనసాగించండి. చివర్లో బోనస్ లాంటిది ఖాయంగా ఇస్తారా, "ఇవ్వొచ్చు" అని మాత్రమే ఉందా చూడండి. ఈ 4.4 నా ఉదాహరణలో వచ్చిన అంకె, మీది 3 రావచ్చు, 7 రావచ్చు.

ఏ కంపెనీ అన్నదానికి నా జవాబు: పైవన్నీ తేల్చుకున్నాక, ఒకే వయసు, ఒకే మొత్తం, ఒకే కాలం, రైడర్లు లేకుండా నాలుగైదు చోట్ల ధర అడగండి. చాలా ఏళ్లుగా క్లెయిములు సరిగ్గా ఇస్తున్నవాటిలో చవకైనది తీసుకోండి. అక్కడ తేడా చిన్నదైతే దరఖాస్తులో ఎక్కువ ప్రశ్నలు అడిగిన కంపెనీని ఎంచుకోమంటాను. ఇప్పుడు అడిగినవాడికి తర్వాత అడగడానికి తక్కువ మిగులుతుంది. ఆ పాత పాలసీ మూడు అంకెలు వచ్చాక ఇక్కడ పెట్టండి, కూర్చుని లెక్క వేద్దాం.